రెయిలింగ్ బలం పాదం దగ్గరే ఉంది

ఇల్లు కట్టే క్రమంలో రెయిలింగ్ వంతు ఆఖర్న వస్తుంది. పునాది, స్లాబ్, గోడలు, కరెంటు పని, టైల్స్, తలుపులు అన్నీ అయ్యాక, గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడ్డాక, చేతిలో డబ్బు పల్చబడ్డాక వెల్డింగ్ షాపు గుర్తొస్తుంది. ఫోన్‌లో నాలుగు డిజైన్లు చూసి, అడుగుకి ఎంత అని బేరమాడి, అడ్వాన్సు ఇచ్చేస్తారు. వారం పది రోజుల్లో రెయిలింగ్ మెరుస్తూ వచ్చి బాల్కనీ అంచున నిలబడుతుంది. వచ్చినవాళ్లంతా పై పైపు మీద చెయ్యేసి ఫోటోలు దిగుతారు. కింద, పోస్టు (నిలువు కంబం) స్లాబ్‌ను తాకిన చోట ఎలా బిగించారో ఎవరూ వంగి చూడరు.

అసలు చూడాల్సింది అక్కడే. రెయిలింగ్ విఫలమైనప్పుడు సాధారణంగా పైపు మధ్యలో విరగదు. పాదం వదులై, ఫ్రేము మొత్తం బయటికి ఒరుగుతుంది. తుప్పు ముందుగా పట్టేది పాదానికే. వాన నీళ్లు స్లాబ్‌లోకి దారి చేసుకునేదీ అక్కడినుంచే. అందుకే స్టీలా, గాజా, ఇనుమా అన్న ప్రశ్న కంటే ముందు ఎంత ఎత్తు ఉండాలి, పాదాన్ని దేనికి బిగిస్తున్నారు అన్నవి తేల్చుకోవాలి. లోహం ఎంపిక ఆ తర్వాతి మాట.

ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలి

నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం డాబా అంచున, బాల్కనీకి ఉండే పిట్టగోడ గానీ రెయిలింగ్ గానీ పూర్తయిన నేల మట్టం నుంచి మీటరుకు తగ్గకూడదు. మీటరంటే మూడడుగుల మూడున్నర అంగుళాలకు కాస్త తక్కువ. మన దగ్గర మేస్త్రీల లెక్క చాలాచోట్ల మూడడుగుల దగ్గరే ఆగిపోతుంది. మూడంగుళాలే కదా అనిపిస్తుంది గానీ, ఆ మూడంగుళాల్లోనే ప్రాణం ఉంది. నిలబడిన మనిషి బరువు కేంద్రం బొడ్డుకు కొంచెం కింద ఉంటుంది. పొడుగాటి మనిషికి అది మూడడుగులు దాటుతుంది. రెయిలింగ్ అంతకంటే కింద ఉంటే, తూలినప్పుడు ఒంటి పైభాగం అవతలికి వాలి కాళ్లు నేల వదిలేస్తాయి. రెయిలింగ్ అంతకంటే పైన ఉంటే మనిషి దానికి గుద్దుకుని ఆగిపోతాడు. మూడున్నర అడుగులు పెట్టించుకోవడం మంచిది. పై అంతస్తుల్లో నాలుగడుగులు పెట్టినా ఎక్కువేం కాదు.

పూర్తయిన నేల అన్న మాట దగ్గరే చాలా ఇళ్లలో లెక్క తప్పుతుంది. స్లాబ్ వేసిన కొత్తలో పిట్టగోడ కడతారు. అప్పుడు కొలిస్తే మూడడుగుల మూడంగుళాలు ఉంటుంది. తర్వాత నీళ్లు నిలవకుండా వాలు కోసం డాబా మీద రెండు మూడంగుళాల కాంక్రీటు వేస్తారు. దాని మీద వాటర్‌ప్రూఫింగ్, ఆ పైన ఎండ వేడి దిగకుండా తెల్ల టైల్స్. నాలుగంగుళాలు అక్కడే పోయాయి. పదేళ్లకు స్లాబ్ కారుతోందని పాత టైల్స్ తీయకుండా మరో మూడంగుళాల పొర పోస్తారు. గోడ మారలేదు, నేల పైకి లేచింది. మిగిలింది రెండడుగుల ఎనిమిదంగుళాలు. ఆ ఇంట్లో ఉండేవాళ్లకు అలవాటైపోయి ఈ తేడా తెలియదు. పాత ఇంటి డాబాకు మరమ్మతు చేయించే ప్రతిసారీ టేపు పెట్టి ఎత్తు కొలిచి, తగ్గినంత మేర గోడ మీద ఒక వరస పైపు పెంచుకోవాలి.

పిట్టగోడకు ఆనించి అరుగు కట్టించుకుంటే సాయంత్రం కూర్చోవడానికి బాగుంటుంది. కానీ అప్పుడు ఎత్తును అరుగు మీద నుంచి కొలవాలి, నేల మీద నుంచి కొలిస్తే లాభం లేదు. పూలకుండీల దిమ్మ, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, ట్యాంకు దిమ్మ, ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ, ఇవన్నీ మూడేళ్ల పిల్లాడికి మెట్లే. అడ్డ పైపుల డిజైన్లదీ ఇదే సమస్య. ఇప్పుడు ఎక్కడ చూసినా నాలుగైదు అడ్డ పైపులు వరసగా పెట్టిన స్టీలు రెయిలింగే కనబడుతోంది. చూడ్డానికి నీటుగా ఉంటుంది, ఖర్చూ తక్కువే. పిల్లలకు మాత్రం అది నిచ్చెన. చిన్నపిల్లలున్న ఇంట్లో, మనవలు సెలవులకు వచ్చే ఇంట్లో నిలువు చువ్వలే పెట్టించుకోవాలి. ఈ విషయంలో అందం పేరు చెప్పి రాజీపడటానికి వీల్లేదు.

చువ్వల మధ్య సందు నాలుగంగుళాలు మించకూడదు. అమెరికాలో ఇళ్ల నిబంధనలు దీన్ని తేలికైన పరీక్షగా చెబుతాయి: నాలుగంగుళాల బంతి ఆ సందులోంచి దూరకూడదు. అంతకంటే వెడల్పుంటే పాకే పిల్లల ఒళ్లు అందులోంచి జారిపోగలదు, తల ఇరుక్కుంటుంది. మన వెల్డర్లు ఇనుము కలిసొస్తుందని ఐదారంగుళాలకు ఒక చువ్వ వేస్తారు. ఆర్డరిచ్చేటప్పుడే నాలుగంగుళాలని కాగితం మీద రాయించుకుంటే తర్వాత గొడవ ఉండదు. నేలకూ అడుగు పైపుకూ మధ్య వదిలే ఖాళీకి కూడా ఇదే కొలత.

పలుగు లెక్క

నేలలో దిగిన రాయిని లేపడానికి పలుగు వాడతారు. పలుగు ఎంత పొడవుంటే అంత తక్కువ శ్రమతో రాయి లేస్తుంది. రెయిలింగ్ పోస్టు కూడా పలుగే. మనం పైన ఆనుకుంటే అది కింద బోల్టును పెకలించడానికి చూస్తుంది.

అంకెల్లో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం డాబా రెయిలింగులు పై అంచున మీటరు పొడవుకు 0.75 కిలోన్యూటన్ల అడ్డ తోపును తట్టుకోవాలి. అంటే ప్రతి మీటరుకూ సుమారు 76 కిలోల బరువుతో పక్కనుంచి నెట్టినట్టు. నలుగురు ఊరేగింపు చూడ్డానికి ఒకేసారి రెయిలింగ్ మీద వాలితే పడే ఒత్తిడి ఇలాంటిదే. పోస్టుకూ పోస్టుకూ మధ్య నాలుగడుగులు, అంటే 1.2 మీటర్లు ఉంటే ఒక్కో పోస్టు వంతుకు 90 కిలోల తోపు వస్తుంది. అది మీటరు ఎత్తున పనిచేస్తుంది. కింద పోస్టును నేలకు బిగించే బేస్ ప్లేటు చూస్తే అరచేయంత. లోపలి వైపు బోల్టు నుంచి ప్లేటు బయటి అంచు దాకా దూరం ఎనిమిది సెంటీమీటర్లు అనుకుందాం. మీటరు పొడవు పలుగుకు ఎనిమిది సెంటీమీటర్ల ఆధారం, అంటే పన్నెండున్నర రెట్లు. పైన 90 కిలోల తోపు కింద 1,100 కిలోలు దాటిన లాగుడుగా మారుతుంది. లోపలి వైపు రెండు బోల్టులుంటే ఒక్కొక్కదాని మీద అర టన్నుకు పైన.

ఇప్పుడు మామూలుగా జరిగే పని చూద్దాం. టైల్స్ వేశాక వెల్డర్ వస్తాడు. టైల్ మీద ప్లేటు పెట్టి, డ్రిల్ వేసి, ప్లాస్టిక్ ప్లగ్గులు దించి, రెండంగుళాల స్క్రూలు బిగిస్తాడు. టైల్ మందం దాదాపు సెంటీమీటరు. దాని కింద ఇసుక, సిమెంటు పరుపు అంగుళంన్నర నుంచి రెండంగుళాలు. స్క్రూ కాంక్రీటు దాకా వెళ్లనే లేదు. అది పట్టుకుని ఉన్నది టైల్‌నూ, దాని కింద ఉన్న ఇసుక మిశ్రమాన్నీ. అర టన్ను లాగుడు అటుంచితే, పిల్లాడు వేలాడినా అది వదులవుతుంది. ప్లేటు మీద మెరిసే గుండ్రటి స్టీలు కప్పు పెట్టేస్తారు కాబట్టి స్క్రూలున్నాయో బోల్టులున్నాయో బయటికి తెలియదు. గ్రానైట్ పట్టీ మీద బిగించిన రెయిలింగులదీ ఇదే కథ. గ్రానైట్ గట్టి రాయే, కానీ దాన్ని గోడకు అతికించింది పల్చటి సిమెంటు పూత. లాగితే రాయితో సహా లేచి వస్తుంది.

సరైన పద్ధతి కష్టమైనదేం కాదు, ముందుగా అనుకోవాలి అంతే. స్లాబ్ పోసేటప్పుడే, పోస్టులు వచ్చే చోట కొక్కేలు వెల్డు చేసిన ఇనుప ప్లేట్లను స్లాబ్ కడ్డీలకు కట్టి కాంక్రీటులో ఉంచేస్తే అంతకు మించిన పట్టు లేదు. అది దాటిపోయిన ఇళ్లలో, టైల్స్ వేయకముందే పోస్టుల ప్లేట్లను కాంక్రీటు మీద కూర్చోబెట్టి, రంధ్రంలో విచ్చుకుని పట్టే యాంకర్ బోల్టులతో బిగించాలి. బోల్టు అసలు కాంక్రీటులోకి మూడంగుళాలైనా దిగాలి. స్లాబ్ అంచుకు మరీ దగ్గరగా వేస్తే బోల్టు విచ్చుకునేటప్పుడు అంచు చిట్లిపోతుంది. అంచు దగ్గర తప్పనిసరైతే, రంధ్రంలో రెజిన్ అనే గట్టిపడే జిగురు నింపి కడ్డీ దించే కెమికల్ యాంకర్ వాడితే ఆ ఒత్తిడి ఉండదు. టైల్స్ ఆ తర్వాత పోస్టు చుట్టూ కత్తిరించి వేసుకోవచ్చు. టైల్స్ మేస్త్రీ విసుక్కుంటాడు, పని ఒక పూట పెరుగుతుంది. ఆ పూట కూలి ఇచ్చుకోవడమే మేలు.

కింద పడే చుక్క నీరు

బాల్కనీ స్లాబ్, గది మీది స్లాబ్ ఒకటి కావు. గది స్లాబ్ చుట్టూ గోడల మీదా బీముల మీదా ఆనుకుని ఉంటుంది. మధ్యలో దాని బలం అడుగు భాగాన ఉన్న కడ్డీల్లో ఉంటుంది. ముందుకు వేలాడే బాల్కనీ చాచిన చెయ్యి లాంటిది. దాన్ని పడిపోకుండా పట్టుకునేవి పైభాగంలో ఉన్న కడ్డీలు. రెయిలింగ్ కోసం పైనుంచి వేసే డ్రిల్ ఆ కడ్డీల పక్కనుంచే దిగుతుంది. ఒక్కోసారి వాటినే గీరుతుంది.

ఆ రంధ్రం చుట్టూ మూసేయకుండా వదిలేస్తే ప్రతి వానకూ, బాల్కనీ కడిగిన ప్రతిసారీ కొంచెం నీరు లోపలికి పోతుంది. కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. లోపల చోటు లేక కాంక్రీటును చీలుస్తుంది. ఆ చీలికలోంచి మరింత నీరు. పోస్టు పాదం చుట్టూ టైల్ మీద జుట్టు మందం పగులు, దాని అంచున గోధుమ రంగు చార కనబడితే ఈ వరస ఎప్పుడో మొదలైనట్టు. బాల్కనీ అడుగు వైపు చూస్తే చెమ్మ మచ్చ తప్ప ఏమీ కనబడకపోవచ్చు, ఎందుకంటే నష్టం జరుగుతున్నది పైన. దీన్ని రెయిలింగ్ రిపేరు అనుకుని పైన సిమెంటు రాసి వదిలేయకూడదు. ఇంజినీర్‌ను పిలిచి చూపించాలి.

నివారణ మాత్రం చవక. పోస్టు పాదం నేల మట్టానికే ఉండకుండా రెండంగుళాల కాంక్రీటు గట్టు మీద కూర్చునేలా చేస్తే నీరు దాని చుట్టూ నిలవదు. ప్లేటు చుట్టూ సిలికాన్ గానీ పాలీయురేథేన్ సీలెంట్ గానీ గీత తెగకుండా పూయాలి. ఈ పూత ఎండకు బిరుసెక్కి పగులుతుంది కాబట్టి కొన్నేళ్లకోసారి పాతది గీకేసి కొత్తది వేయాలి. ఇంటి నిర్వహణ ఖర్చుల్లో ఇంత తక్కువ డబ్బుతో ఇంత పెద్ద నష్టాన్ని ఆపే పని మరొకటి లేదేమో.

ఏ లోహం, ఏ ఊరికి

ఇనుప రెయిలింగ్‌ను పాతకాలం సరుకని తీసిపారేయాల్సిన పనిలేదు. సరిగ్గా వెల్డు చేసి, సరిగ్గా రంగు వేస్తే తరాలు నిలుస్తుంది. పాత ఊళ్లలో మేడల వరండాలకున్న కటకటాలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. అవి గట్టి చువ్వలు. ఇప్పుడు వాడేవి లోపల బోలుగా ఉండే పైపులు. అడుగు లెక్కన ధర మాట్లాడితే పల్చటి పైపు వేయడం సులువు. 16 గేజి పైపు గోడ మందం 1.6 మిల్లీమీటర్ల దగ్గర, 18 గేజిది 1.2 దగ్గర ఉంటుంది. పోస్టులకు 16 గేజికి తగ్గకూడదు, ఇంకా మందమైతే మంచిది. అందుకే కిలోల లెక్కన మాట్లాడుకుని, తూకం దగ్గరుండి చూసుకోవడం మేలు.

బోలు పైపు లోపలినుంచి తుప్పు పడుతుంది, అదే దాని బలహీనత. వెల్డింగ్ అతుకులో సూదిమొనంత రంధ్రం చాలు, నీరు చేరుతుంది, బయటికి దారి లేక పోస్టు అడుగున నిలుస్తుంది. పైన రంగు కొత్తగా ఉంటుంది, లోపల గోడ పేపరు మందం అయిపోతుంది. పాత పోస్టును నేలకు రెండంగుళాల పైన స్పానర్‌తో తట్టి చూడాలి. పైభాగంలో ఖంగుమనే శబ్దం వచ్చి కింద మాత్రం బొదబొదలాడితే లోపల తినేసినట్టే. అతుకులు చుట్టూ పూర్తిగా వేయించుకోవడం, నాలుగు చుక్కల టాక్ వెల్డింగ్‌తో సరిపెట్టనివ్వకపోవడం, పైపుల కొసలన్నీ మూయించడం, ఇవి షాపులోనే చూసుకోవాలి. ప్రైమర్ కూడా బిగించకముందే ప్లేటు అడుగుతో సహా వేయించాలి. బిగించాక బ్రష్ వెళ్లని చోట్లే తర్వాత తుప్పుకు పుట్టిళ్లవుతాయి. జింకు పూత ఉండే జీఐ పైపు తీసుకుంటే వెల్డింగ్ వేడికి అతుకు దగ్గర జింకు పూత కాలిపోతుంది. అక్కడ జింకు ఎక్కువగా ఉండే ప్రైమర్ మళ్లీ పూయకపోతే జీఐకి పెట్టిన డబ్బు వృథా.

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. అది గ్రేడును బట్టి ఉంటుంది. 304 గ్రేడులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 గ్రేడులో ఖరీదైన నికెల్‌ను సగం దాకా తగ్గించి మాంగనీసు పెంచుతారు. పాలిష్ చేస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందని చెప్పేవాళ్లుంటారు. 202కీ 304కీ కూడా అయస్కాంతం సరిగ్గా అంటుకోదు కాబట్టి ఆ పరీక్షతో ఈ రెండింటినీ విడదీయలేం. మాంగనీసును పట్టించే టెస్ట్ ద్రావణం దొరుకుతుంది. ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ కరెంటు తగిలిస్తే 200 సిరీస్ స్టీలు మీద ఎర్రబారుతుంది. పెద్ద ఆర్డరైతే ఇది అడిగి చేయించుకోవాలి. బిల్లులో గ్రేడు రాయించుకోవాలి.

ఊరిని బట్టి కూడా ఎంపిక మారుతుంది. హైదరాబాద్, వరంగల్, కర్నూలు లాంటి చోట్ల 304 నిశ్చింతగా పనిచేస్తుంది. విశాఖ బీచ్ రోడ్డు, భీమిలి, కాకినాడ తీరాల్లో సముద్రపు గాలి ఉప్పును మోసుకొస్తుంది. ఆ ఉప్పులోని క్లోరైడ్ స్టీలు మీది కంటికి కనబడని రక్షణ పొరను చిల్లులు పొడుస్తుంది. 202 అయితే తొందరగా టీ ఒలికినట్టు గోధుమ మచ్చలు మొదలవుతాయి. 304కీ కొంత కాలానికి వస్తాయి. అక్కడ 316 గ్రేడు కావాలి. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉండి క్లోరైడ్‌ను బాగా తట్టుకుంటుంది. ఖరీదు ఎక్కువే. అంత పెట్టలేకపోతే సముద్రానికి దగ్గరగా పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం మంచి మధ్యేమార్గం. అల్యూమినియాన్ని పచ్చి సిమెంటులో నేరుగా పాతకూడదు. సిమెంటు క్షారం దాన్ని తినేస్తుంది.

మంచి 304 స్టీలు కూడా కొత్త ఇంట్లోనే పాడైపోయే సందర్భం ఒకటుంది. గృహప్రవేశానికి ముందు టైల్స్ మీద సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ వాష్ చేస్తారు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. బకెట్ నుంచి చిందిన చుక్కలు, పైకి లేచే ఆవిరి రెయిలింగ్ పాదాలకు తగులుతాయి. పది పదిహేను రోజులకు పోస్టుల కింది జానెడు మేర గోధుమ చుక్కలు వస్తాయి. ఇంటాయన వెల్డర్‌ను నిలదీస్తాడు, వెల్డర్ సరుకు మంచిదేనని ప్రమాణం చేస్తాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తప్పు బకెట్‌ది. యాసిడ్ వాష్ అయ్యాకే స్టీలు రెయిలింగ్ బిగించాలి. పాదాలు ముందే టైల్స్ కింద బిగించి ఉంటే పోస్టులను ప్లాస్టిక్ కవరుతో చుట్టి టేపు వేయాలి, పని కాగానే మంచినీళ్లతో బాగా కడగాలి. బాత్రూం కడిగే యాసిడ్ ద్రావణాలు, బ్లీచింగ్ నీళ్లు బాల్కనీలో వాడకపోవడం ఇందుకే.

గాజు రెయిలింగ్ ముచ్చట ఇప్పుడు బాగా పెరిగింది. చూపుకు అడ్డు ఉండదు, పిల్లలు ఎక్కడానికి పట్టు దొరకదు, ఈ రెండూ దాని నిజమైన లాభాలు. కానీ గాజు రకం తెలుసుకోకుండా తీసుకోకూడదు. టఫెన్డ్ గాజు, అంటే వేడి చేసి చల్లార్చి గట్టిపరచినది, బలమైనదే, పగిలితే మాత్రం పలక మొత్తం ఒక్కసారిగా చిన్న ముక్కలై రాలిపోతుంది. ఆ క్షణంలో బాల్కనీకి అడ్డు లేనట్టే, కింద నడిచేవాళ్ల మీదా పడుతుంది. తయారీలో చేరిన నికెల్ సల్ఫైడ్ రేణువుల వల్ల ఎవరూ తాకకుండానే పగిలే అవకాశం కూడా అరుదుగా ఉంటుంది. అందుకని రెండు టఫెన్డ్ పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గాజే అంతస్తుల మీద వాడాలి. ఒక పలక పగిలినా పొర దాన్ని పట్టి ఉంచుతుంది. గాలి సంగతీ ఉంది. చువ్వల మధ్య నుంచి గాలి వెళ్లిపోతుంది, గాజు తెరచాపలా మొత్తం ఒత్తిడిని పాదానికి చేరుస్తుంది. ఐఎస్ 875 మూడో భాగం డిజైన్ కోసం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్ల గాలి వేగం, విశాఖకు 50 మీటర్లు చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడిన ఊరికి ఆ అంకె గురించి వేరే చెప్పక్కర్లేదు.

చెక్క రెయిలింగ్ మీద మక్కువ ఉంటే వాన తగలని వరండాకు పెట్టుకోవాలి, టేకు అయితేనే పెట్టుకోవాలి. మన ఎండకీ వానకీ మధ్య ఆరుబయట చెక్కను కాపాడటం ఏడాది పొడుగునా పని.

బోను, బోసి డాబా

కోతుల బెడద వల్ల తెలంగాణలో చాలా ఊళ్లలో రెయిలింగ్ చాలక బాల్కనీ పై దాకా గ్రిల్ బిగిస్తున్నారు. దొంగల భయం, పావురాల గోల కూడా తోడయ్యాయి. ఆ బాధ నిజమైనదే. అయితే మంటలు లేచినప్పుడు ఆ బాల్కనీ ఒక్కటే బయటపడే దారి కావచ్చు. గ్రిల్‌లో మనిషి దూరేంత, రెండడుగులు అటూ ఇటూ ఉన్న ఒక తలుపు పెట్టించాలి. దాని తాళంచెవి ఆ పక్కనే, పిల్లలకు అందకుండా, పెద్దలందరికీ తెలిసేలా మేకుకు తగిలించి ఉండాలి.

దీనికి పూర్తి విరుద్ధంగా అసలు ఏ అడ్డూ లేని డాబాలు కూడా ఊరూరా ఉన్నాయి. రేపో మాపో పై అంతస్తు వేద్దామని కాలమ్ కడ్డీలు నిలబెట్టి, పిట్టగోడ కట్టకుండా ఆపేస్తారు. ఆ రేపు పదేళ్లయినా రాదు. ఈలోగా వేసవి రాత్రుళ్లు అక్కడే పడుకుంటారు, వడియాలు అక్కడే పెడతారు, సంక్రాంతికి పిల్లలు గాలిపటం వైపు తలెత్తి వెనక్కి వెనక్కి అడుగులు వేసేదీ అక్కడే. పండగ రోజుల్లో డాబా మీద నుంచి పిల్లలు పడిన వార్త చదవని ఏడాది లేదు. పై అంతస్తు ఆలోచన ఉన్నా సరే, తాత్కాలికంగా ఇనుప పైపులు, యాంగిళ్లతో బోల్టుల మీద విప్పుకునేలా రెయిలింగ్ వేయించవచ్చు. తర్వాత విప్పి కొత్త అంతస్తులో వాడుకోవచ్చు, లేదా ఇనుము ధరకు అమ్ముకోవచ్చు. పిట్టగోడకు అయ్యే ఖర్చులో కొంత భాగమే అవుతుంది. నిలబెట్టిన కడ్డీల కొసలకు ప్లాస్టిక్ టోపీలు తొడగడం కూడా మరచిపోకూడదు.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లకు ఈ సమస్య ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఇంటి వెనక చెక్క డెక్. అక్కడ ఎక్కువ రాష్ట్రాలు అనుసరించే నమూనా నిబంధనల ప్రకారం డెక్ నేల నుంచి 30 అంగుళాలు దాటి ఉంటే 36 అంగుళాల రెయిలింగ్ తప్పనిసరి. కాలిఫోర్నియాలో 42 అడుగుతారు. పై పట్టీ మీద ఒకేచోట 200 పౌండ్ల తోపును తట్టుకోవాలి. నిబంధన గట్టిదే, కానీ పాత డెక్‌లలో పోస్టును మేకులతోనో, సగం చెక్కి రెండు స్క్రూలతోనో బిగించి ఉంటారు. పలుగు లెక్క అక్కడా మారదు. పోస్టులోంచి ఆరపార వెళ్లే బోల్టులు, వాటిని లోపలి దూలానికి పట్టే ఇనుప బ్రాకెట్ ఉన్నాయో లేదో డెక్ కిందికి వెళ్లి చూడాలి. చెద పట్టకుండా మందు ఎక్కించిన చెక్కలో రాగి లవణాలు ఉంటాయి, అవి మామూలు ఇనుప మేకుల్ని వేగంగా తినేస్తాయి. గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ మేకులే వాడాలి. సత్యనారాయణ వ్రతానికో పుట్టినరోజుకో యాభై మందిని డెక్ మీదికి పిలిచే ముందు ఈ తనిఖీ చేసుకోవాలి, ముఖ్యంగా ఇల్లు పాతదైతే.

ఏడాదికి రెండు పూటలు

రెయిలింగ్ బాగోగులకు ఏడాదిలో రెండు పూటలు చాలు. ఒకటి మృగశిర కార్తెకు ముందు, వానలు మొదలవకముందే. రెండోది వానలు పూర్తిగా వెనకబట్టాక.

మొదటి పూట చేతితో చేసే పని. ప్రతి పోస్టు దగ్గరా లోపలి వైపు నిలబడి, కాళ్లు గట్టిగా ఆనించి, పై పైపును రెండు చేతులతో ముందుకూ వెనక్కీ ఊపాలి. ఒంటి బరువు దాని మీద వేయకూడదు. పైపు కొద్దిగా స్ప్రింగులా కదిలి ఆగితే పరవాలేదు. పాదం దగ్గర టక్కుమన్నా, ప్లేటు అంచు లేచి పడుతున్నా బోల్టు వదులైందని అర్థం. అప్పుడు బోల్టు బిగించి ఊరుకోకూడదు, రంధ్రం అరిగిపోయి ఉంటే కొత్త చోట వేయించాలి. మెరిసే కప్పులుంటే పైకి జరిపి లోపల చూడాలి. అద్దె ఇంట్లో అయితే వదులైన పోస్టును వీడియో తీసి ఓనరుకు పంపి, సరిచేసేదాకా ఆ వైపు కుండీలు అడ్డుపెట్టకుండా తాడు కట్టి మూసేయాలి. కుండీలు పెడితే పిల్లలు ఎక్కుతారు. అపార్ట్‌మెంట్లలో డాబా పిట్టగోడ, మెట్ల రెయిలింగ్ అసోసియేషన్ ఉమ్మడి బాధ్యత. లిఫ్టుకు చేయించినట్టే వీటికీ ఏటా తనిఖీ పెట్టుకోవాలి.

రెండో పూట రంగుల పని. సంక్రాంతికి ఇంటికి రంగులు వేయించే మన అలవాటు ఇనుప రెయిలింగ్‌కు సరిగ్గా సరిపోయే కాలం. గాలిలో తేమ తగ్గి ఉంటుంది, ఇనుము ఎండకు కాలిపోదు. రోహిణి కార్తె ఎండలో వేసిన రంగు పైన ఆరి లోపల పచ్చిగా ఉండి బొబ్బలెక్కుతుంది. చలికాలమైనా పొద్దున్నే మంచు తడి ఉండగా మొదలుపెట్టకూడదు, పదింటి దాకా ఆగాలి. జరిగే పొరపాటల్లా ఒకటే: తుప్పు మీదే రంగు కొట్టించడం. కొత్త రంగు కింద తుప్పు తన పని తాను చేసుకుంటూ పోతుంది. వైరు బ్రష్‌తో, ఎమరీ కాగితంతో తెల్లటి ఇనుము కనబడేదాకా రుద్దాలి. బట్టకు థిన్నర్ తడిపి తుడవాలి. కిరసనాయిలుతో తుడిస్తే జిడ్డు మిగిలి రంగు పట్టదు. రుద్దిన రోజే ప్రైమర్ వేసేయాలి. రాత్రంతా వదిలేస్తే మళ్లీ సన్నటి తుప్పు పొర వస్తుంది. ఆపైన రెండు పూతలు, మధ్యలో పూర్తిగా ఆరనిచ్చి. పెయింటర్ వంగలేక వదిలేసే చోటు పోస్టు వెనక వైపు, నేలకు నాలుగంగుళాల లోపు. అక్కడ చిన్న అద్దం పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

స్టీలు రెయిలింగ్‌కు సబ్బు నీళ్లు, మెత్తటి బట్ట, తర్వాత మంచినీళ్లు చాలు. సముద్రం పక్కనైతే ఇది వారానికోసారి జరగాలి, ఎందుకంటే అక్కడ ఉప్పును కడిగేయడమే అసలు వైద్యం. ఇనుప పీచుతో రుద్దకూడదు. దాని రేణువులు స్టీలులో ఇరుక్కుని అవే తుప్పు పట్టి, స్టీలే పట్టినట్టు కనబడతాయి. పైన ఇనుప పని జరిగేటప్పుడు గ్రైండర్ నిప్పురవ్వలు స్టీలు రెయిలింగ్ మీద పడినా ఇదే జరుగుతుంది, అందుకని ఆ రోజు గోనె కప్పాలి. గాజు రెయిలింగ్ కింది ఛానల్లో నీరు పోయే రంధ్రాలు మట్టితో, ఎండుటాకులతో పూడిపోతాయి. సన్నటి పుల్లతో తీయాలి.

కొత్తగా కట్టుకునేవాళ్లకు చివరగా ఒక పని. పోస్టుల ప్లేట్లు కాంక్రీటు మీద బిగించాక, టైల్స్ వాటిని కప్పేయకముందు, ప్రతి పాదం దగ్గరా టేపు పెట్టి, బోల్టులూ అంచు నుంచి దూరమూ కనబడేలా ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి. కడ్డీలు కనబడుతుండగా స్లాబ్ ఫోటో కూడా తీసి ఉంటే ఇంకా మంచిది. ఇరవై ఏళ్ల తర్వాత ఏ పోస్టో కదిలినప్పుడు, ఏ చోట డ్రిల్ వేయాలో ఏ చోట వేయకూడదో అప్పటి వెల్డర్‌కు చెప్పగలిగేవి ఆ ఫోటోలే. ఇంటి కాగితాలతో పాటు వాటి ప్రింట్లు పెట్టుకోవాలి. ఫోన్లు మారతాయి.